పాత కారు బానెట్ కింద వేడికి పాడైన వైరింగ్ మార్చడం ఎలా?

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, స్టాండర్డ్ హెరాల్డ్, ఏ పాత కారైనా సరే, బానెట్ ఎత్తి ఇంజిన్ పక్కనున్న వైర్ల కట్టను ఒకచోట మెల్లగా వంచి చూడండి. తొడుగు మెత్తగా వంగితే దానికి ఇంకా ఆయుష్షు ఉంది. పెళుసుగా చిట్లి, పగుళ్ల మధ్య రాగి కనిపిస్తే మాత్రం ఆ కట్ట మార్చాల్సిందే. పైన మళ్లీ టేపు చుడితే పగులు కనిపించకుండా పోతుంది గానీ మూసుకోదు. ఒక్క గతుకులో ఆ రాగి బాడీకి తగిలితే చాలు, మంట లేవచ్చు. కార్బురేటర్, పెట్రోలు పైపు అక్కడికి జానెడు దూరంలోనే ఉంటాయి.

అయితే పాత వైరు పీకేసే తొందరలో అసలు విషయం వదిలేయకండి. దాన్ని కాల్చిన వేడి ఎక్కణ్ణుంచి వచ్చిందో ముందు పట్టుకోవాలి. అది తెలియకుండా ఎంత మంచి వైరు వేసినా, రెండు మూడు ఎండాకాలాల్లో అదీ అదే చోట అలాగే పోతుంది.

వైరు కాలిన తీరు చూడండి

మొదటి రకం: కట్టలో ఒక వైపు మాత్రమే, అంటే మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి వేడి పొగ బయటికొచ్చే ఇనుప గొట్టాల భాగం) వైపో సైలెన్సర్ పైపు వైపో తిరిగి ఉన్న భాగం మాత్రమే గట్టిపడి, రంగు వెలిసి, పగిలి ఉంటుంది. రెండో వైపు బాగానే ఉంటుంది. ఇది బయటి సెగ. పీవీసీ తొడుగును మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం ఏళ్ల తరబడి వేడికి ఆవిరై పోతుంది, మిగిలేది పెళుసు ప్లాస్టిక్. కిరోసిన్‌తోనో డీజిల్‌తోనో ఇంజిన్ కడిగించే అలవాటు ఉంటే ఇది ఇంకా తొందరగా జరుగుతుంది, ఎందుకంటే అవి కూడా ఆ పదార్థాన్నే లాగేస్తాయి. దీనికి మందు దారి మార్చడం, రేకు అడ్డం పెట్టడం. వైరు లావు పెంచినందువల్ల ఒరిగేదేమీ లేదు.

రెండో రకం: వైరంతా బాగుంటుంది, చివర్లో టెర్మినల్ దగ్గర ఒకటి రెండు అంగుళాలు మాత్రం కరిగి, గోధుమరంగు తిరిగి ఉంటుంది. తప్పు జాయింటుది. వదులైన లగ్ (వైరు కొసకు తొడిగే లోహపు ముక్క), తుప్పు పట్టిన పిన్ను, సరిగా నొక్కని క్రింపు (పిన్నును వైరు మీద నొక్కి బిగించిన చోటు) అక్కడ నిరోధం పెంచుతాయి. పది ఆంపియర్లు పోయే చోట పదో వంతు ఓమ్ నిరోధం ఉన్నా పది వాట్ల వేడి ఆ చిన్న పిన్ను మీదే పుడుతుంది. వైరు ఒక్కటే మార్చి ఆ పిన్నును అలాగే వదిలేస్తే పని మళ్లీ మొదటికి వస్తుంది. ఎదురుగా ఉన్న స్విచ్ పిన్ను, ఫ్యూజు బాక్సు క్లిప్పు కూడా మార్చాలి, లేదా మెరిసేదాకా శుభ్రం చేయాలి.

మూడో రకం: ఒకే వైరు ఈ కొస నుంచి ఆ కొస దాకా కరిగి పక్క వైర్లకు అంటుకుని ఉంటుంది. ఆ వైరు మోయగలిగిన దానికన్నా ఎక్కువ కరెంటు అందులోంచి పోయింది. ఒకసారి షార్ట్ అయి ఉండాలి, లేదా ఎవరో తర్వాత తగిలించిన సామాను ఎక్కువ కరెంటు లాగుతూ ఉండాలి.

మూడో రకానికి మన దగ్గర ఎక్కువగా కనబడే కారణం హెడ్‌లైట్ బల్బులు. 45/40 వాట్ల బల్బుల కోసం వేసిన వైరింగ్ మీద 100/90 వాట్ల బల్బులు పెడతారు. అసలు బల్బులు రెండూ కలిపి హైబీమ్‌లో ఏడున్నర ఆంపియర్లు లాగితే, ఇవి దాదాపు 17 ఆంపియర్లు లాగుతాయి. కరెంటు రెట్టింపు దాటితే వైరులో వేడి రెట్టింపుతో ఆగదు, దాదాపు ఐదు రెట్లు అవుతుంది. తర్వాతి స్థానం బయట బిగించిన ఏసీది. కండెన్సర్ ఫ్యాను, కంప్రెసర్ క్లచ్, బ్లోవర్ అన్నింటికీ కరెంటు ఇగ్నిషన్ స్విచ్ నుంచే లాగి ఉంటే, స్విచ్ వెనకాల లావు వైరు ముందు కాలుతుంది. జంట హార్న్లు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్) లేకుండా బిగించినా అంతే.

నాలుగో కారణం ఒకటుంది, దాన్ని చాలామంది వెతకరు. ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఉండే ఎర్తింగ్ పట్టీ తెగినా, తుప్పు పట్టినా, సెల్ఫ్ కొట్టినప్పుడు వందకు పైగా ఆంపియర్లు వెనక్కి పోవడానికి వేరే దారి వెతుక్కుంటాయి. చోక్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్, సన్నటి ఎర్త్ వైరు, ఏది దొరికితే అది. సెల్ఫ్ కొట్టాక చోక్ కేబుల్ పట్టుకుంటే వేడిగా అనిపిస్తే వైరింగ్ జోలికి వెళ్లకముందే ఆ పట్టీ మార్చండి.

ఎలుకలు కొరికిన వైరును వేడికి కాలినదని పొరబడకండి. కొరికిన చోట పంటి గాట్లు ఉంటాయి, తొడుగు మెత్తగానే ఉంటుంది, మసి ఉండదు.

విప్పడానికి ముందు

బ్యాటరీ ఎర్త్ తీగ ముందు తీయండి, పెట్టేటప్పుడు చివర పెట్టండి. ఏది ఎర్త్ అన్నది రంగు చూసి నమ్మకండి. బాడీకి వెళ్లే లావు తీగ ఏ కొస నుంచి వస్తుందో కంటితో చూడండి. 1960ల నాటి బ్రిటిష్ తరహా కార్లలో ప్లస్ బాడీకి ఉన్నవి ఉంటాయి. అలాంటి దాంట్లో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, రేడియో, ఆల్టర్నేటర్ ఏది బిగించాలన్నా ఈ సంగతి ముందే తెలియాలి.

ఫోను కెమెరాతో ప్రతి కనెక్షన్‌నీ రెండు కోణాల్లో తీయండి. కానీ ఫోటో ఒక్కటే సరిపోదు. నూనె, దుమ్ము కింద పాత రంగులు ఫోటోలో అన్నీ గోధుమరంగులాగే కనిపిస్తాయి. వైరును పెట్రోలులో తడిపిన గుడ్డతో కాక సబ్బు నీళ్ల గుడ్డతో తుడిచి, అసలు రంగు తెలిశాక, ప్రతి కొసకూ నంబరు రాసిన చీటీ కట్టండి. ఒక నోట్‌బుక్‌లో నంబరు, రంగు, ఎక్కణ్ణుంచి ఎక్కడికి, వైరు మందం, టెర్మినల్ రకం రాసుకోండి. బానెట్ కింద కట్టలో పాతిక వైర్లకు మించి ఉండవు, ఈ పట్టిక గంటన్నరలో పూర్తవుతుంది. తర్వాత పూటల తరబడి వెతుకులాట తప్పుతుంది.

అంబాసిడర్, హెరాల్డ్‌లలో బ్రిటిష్ కంపెనీ లూకాస్ రంగుల పద్ధతి ఉంటుంది. గోధుమరంగు అంటే బ్యాటరీ నుంచి ఫ్యూజు లేకుండా ఎప్పుడూ కరెంటు ఉండే లావు వైరు. తెలుపు ఇగ్నిషన్ ఆన్ చేశాక వచ్చేది, ఆకుపచ్చ అదే కరెంటు ఫ్యూజు దాటాక. ఊదా ఎప్పుడూ కరెంటు ఉండేదే, కానీ ఫ్యూజు దాటి వచ్చింది, సాధారణంగా హార్న్‌ది. నీలం హెడ్‌లైట్లు: నీలం మీద తెలుపు గీత హైబీమ్, ఎరుపు గీత డిమ్. ఎరుపు పార్కింగ్ లైట్లు, నలుపు ఎర్త్, తెలుపు మీద నలుపు గీత ఇగ్నిషన్ కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు. పద్మిని ఫియట్ వంశం, దాని రంగులు వేరు. ఈ లెక్క దానికి పెట్టకండి. ఏ కారైనా నలభై ఏళ్లలో ఎన్ని చేతులు మారిందో తెలియదు కాబట్టి రంగు చూసి ఊహించినదాన్ని మల్టీమీటర్ కంటిన్యుటీతో (రెండు కొసలూ ఒకే వైరువా అని చూసే పరీక్షతో) ఖాయం చేసుకున్నాకే పట్టికలో రాయండి.

కాయిల్‌కు వెళ్లే వైరు దగ్గర ఒక నిమిషం ఆగండి. కాయిల్ మీద బయట రెసిస్టర్ వాడాలని రాసి ఉంటే, ఆ దారిలో ఎక్కడో పింగాణీ రెసిస్టరో, నిరోధం ఉన్న ప్రత్యేకమైన వైరో ఉంటుంది. దాన్ని మామూలు రాగి వైరుతో మారిస్తే ఇంజిన్ వెంటనే స్టార్ట్ అవుతుంది, అందరూ సంతోషిస్తారు, ఆ తర్వాత కాయిల్ వేడెక్కి డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు కాలిపోతాయి. ఆ వైరు పాడైతే మామూలు వైరు వేసి, దారిలో దానికి సరిపోయే పింగాణీ రెసిస్టర్ పెట్టాలి.

ఏం కొనాలి, ఎక్కడ

హైదరాబాద్‌లో ఉంటే వైరు కోసం రాణిగంజ్ ఆటో ఎలక్ట్రికల్ దుకాణాలకు వెళ్లండి. ట్రూప్ బజార్‌లో దొరికే ఇంటి వైరింగ్ చుట్ట చౌకగా వస్తుంది కానీ ఈ పనికి పనికిరాదు. దాని తొడుగు సాధారణంగా 70 డిగ్రీల దాకా తట్టుకోవడానికి చేసింది, పోగులు తక్కువ, లావు. ఇంజిన్ అదురుకు టెర్మినల్ దగ్గర విరుగుతాయి. మీకు కావలసింది సన్నపోగుల ఆటోమొబైల్ వైరు, తొడుగు మీద 105 డిగ్రీల రేటింగ్ అచ్చువేసి ఉన్నది. మానిఫోల్డ్ పక్కగా పోక తప్పని రెండు మూడు వైర్లకు 125 డిగ్రీల క్రాస్‌లింక్డ్ తొడుగు గానీ, 180 డిగ్రీల సిలికాన్ తొడుగు గానీ తీసుకోండి. సిలికాన్ వేడికి తట్టుకుంటుంది కానీ రాపిడికి ఇట్టే చీరుకుంటుంది, అందుకని దాన్ని స్లీవ్ లేకుండా వేయకూడదు.

కొనే ముందు అంగుళం తొడుగు ఒలిపించి పోగుల్ని బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం, వదిలేయండి. తగరం పూత ఉన్న అసలు రాగి పైకి వెండిలా ఉండి, గీకితే లోపల ఎర్రగా ఉంటుంది. ఈ రెండింటినీ కలపకండి; తగరం పూత వైరు దొరికితే అది ఇంకా మంచిది, చెమ్మకు నల్లబడదు.

మందాలు దుకాణంలో స్క్వేర్ (చదరపు మి.మీ.) లెక్కన అడగాలి. టెంపరేచర్ సెన్సర్, ఆయిల్ లైటు, చార్జింగ్ లైటుకు 0.75. పార్కింగ్, ఇండికేటర్లకు 1. కాయిల్‌కు 1.5. ఒక్కో హెడ్‌లైటుకు విడిగా వెళ్లే వైరు 1.5, రెండిటికీ కలిపి వెళ్లే వైరు 2.5. జంట హార్న్లకు 2.5. డైనమో ఉన్న కారులో చార్జింగ్ లావు వైరు 4. ఆ డైనమో ఇచ్చేదే 22 ఆంపియర్ల దగ్గర. 35 నుంచి 45 ఆంపియర్ల ఆల్టర్నేటర్ బిగించి ఉంటే కనీసం 6, దారి ఒకటిన్నర మీటర్లు దాటితే 10. డ్యాష్‌బోర్డులో ఆమీటర్ ఉన్న కార్లలో చార్జింగ్ కరెంటు దాని గుండానే పోతుంది కాబట్టి దానికి వెళ్లే వైరు, వచ్చే వైరు రెండూ అదే మందం ఉండాలి. డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టి, పాత 4 స్క్వేర్ వైరునే ఉంచేసిన కార్లలో కాలేది సరిగ్గా ఇక్కడే.

ఇది లెక్కగా చూడాలంటే: 1 స్క్వేర్ రాగి వైరు మీటరుకు సుమారు 17.5 మిల్లీ ఓమ్‌ల నిరోధం. మూడు మీటర్ల దారిలో రెండు 55 వాట్ల బల్బుల కరెంటు పోతే దాదాపు అర వోల్టు అక్కడే పోతుంది. అదే 2.5 స్క్వేర్ వేస్తే 0.2 వోల్టు కూడా పోదు. పాత కారు లైట్లు మసకగా ఉండటానికి బల్బు కారణం కాకపోవడం తరచూ జరుగుతుంది.

అంబాసిడర్, పద్మిని పరిమాణంలోని కారుకు బానెట్ కింది భాగం వరకే చేస్తే సుమారుగా ఇవి పడతాయి: 0.75 స్క్వేర్ పది మీటర్లు, 1 స్క్వేర్ పదిహేను, 1.5 స్క్వేర్ పదిహేను, 2.5 స్క్వేర్ ఎనిమిది, లావు వైరు నాలుగు మీటర్లు. 6.3 మి.మీ. ఫిమేల్ పిన్నులు నలభై, వాటి తొడుగులతో సహా. రింగ్ లగ్గులు 5, 6, 8 మి.మీ. రంధ్రాలవి కలిపి పాతిక. పాత కారులో బుల్లెట్ కనెక్టర్లు ఉంటే 4.7 మి.మీ. ఇత్తడివి ఇరవై, కొత్త రబ్బరు జాయింట్లతో. లోపల జిగురు ఉండే హీట్‌ష్రింక్ (వేడిచేస్తే బిగుసుకునే) స్లీవ్ మూడు నాలుగు సైజులు. వైరును బాడీకి పట్టి ఉంచే, రబ్బరు పొదిగిన పీ క్లాంపులు పదిహేను. రేకు రంధ్రాలకు రబ్బరు గ్రోమెట్లు. సెగ ఉన్నచోటికి ఫైబర్‌గ్లాస్ స్లీవ్ రెండు మీటర్లు. మల్టీమీటర్, హీట్ గన్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. చారల వైరు అన్ని జతల్లో దొరకదు. దొరకని చోట అసలు రంగు వైరు వేసి, రెండు కొసల్లోనూ చార రంగు హీట్‌ష్రింక్ ఉంగరం తొడగండి.

చుట్టడానికి మెరిసే పీవీసీ టేపు కొనకండి. మే నెలలో బయటే 42, 43 డిగ్రీలుంటే బానెట్ కింద దాని జిగురు కారి, టేపు జారి, దుమ్మంతా అంటుకుంటుంది. గుడ్డలాంటి హార్నెస్ టేపు అడగండి. అది దొరక్కపోతే జిగురు లేని టేపుతో చుట్టి, కొసల్ని హీట్‌ష్రింక్‌తో బిగించండి.

ఫ్యూజుల విషయంలో ఒక మోసకారి అంకె ఉంది. లూకాస్ గాజు ఫ్యూజు మీద 35 అని రాసి ఉంటే అది ఎగిరిపోయే కరెంటు; నిలకడగా మోసేది దాదాపు 17 ఆంపియర్లే. దాని స్థానంలో 35 ఆంపియర్ల బ్లేడ్ ఫ్యూజు పెడితే వైరే ఫ్యూజు పని చేస్తుంది. 15 లేదా 20 ఆంపియర్ల బ్లేడ్ చాలు. పాత కార్లు చాలావాటిలో హెడ్‌లైట్లకు అసలు ఫ్యూజే ఉండదు, బ్యాటరీ నుంచి వచ్చే లావు వైరుకు కూడా ఉండదు. ఈ రెండు చోట్లా ఇప్పుడు పెట్టండి. రెండోదాని సంగతి: సెల్ఫ్ మోటార్ కేబుల్‌ను వదిలేసి, వైరింగ్‌కు వెళ్లే లావు వైరు మీద, బ్యాటరీకి జానెడు లోపల, డైనమో కారుకు 30, ఆల్టర్నేటర్ కారుకు 50 ఆంపియర్లది. ఏసీ, హార్న్, హెడ్‌లైట్లకు రిలేలు పెట్టి, వాటి కరెంటు నేరుగా ఈ ఫ్యూజు దాటిన చోటు నుంచే ఇవ్వండి. అన్నీ కలిపి లాగే కరెంటు ఈ ఫ్యూజు అంకెను మించేలా ఉంటే ఏసీకి బ్యాటరీ నుంచి విడి ఫ్యూజుతో విడి వైరు లాగండి. రిలేలో 30 కరెంటు వచ్చేది, 87 లైటుకు పోయేది, 85, 86 పాత స్విచ్ వైరు, ఎర్త్.

కట్ట కట్టడం

పాత కట్టను ముక్కలుగా కోయకుండా ఒకే తీగగా బయటికి తీయండి. పెద్ద ప్లైవుడ్ ముక్క మీద అట్ట పరిచి, దాని మీద పాత కట్టను కారులో ఉన్న వంపులతోనే పరచండి. ప్రతి కొమ్మ చీలే చోటా మేకు కొట్టండి. ఇక కొత్త వైర్లు ఆ మేకుల వెంట ఒక్కొక్కటే వేసుకుంటూ పోవాలి. బాడీ నుంచి ఇంజిన్ మీదికి దాటే చోట ప్రతి వైరుకూ నాలుగైదు సెంటీమీటర్లు వదులు కలపండి. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద ఊగుతుంది. బిగుతుగా లాగిన వైరు మొదట పిన్ను దగ్గర విరుగుతుంది.

క్యాబిన్‌లోకి పోయే వైర్లను కత్తిరించి జాయింట్ వేయాల్సి వస్తే, పాత వైరును నాలుగైదు సెంటీమీటర్ల చొప్పున వెనక్కి కోస్తూ రాగి చూడండి. నల్లగా ఉన్నంతవరకూ కోయాలి. క్యాబిన్‌లోకి వెళ్లాక కూడా నలుపు తగ్గకపోతే ఆ వైరును స్విచ్ దాకా పూర్తిగా మార్చడమే దారి, ఎందుకంటే నల్లబడిన రాగి మీద క్రింపూ నిలవదు, సోల్డరూ అంటదు. జాయింట్లన్నీ ఒకేచోట పడకుండా మూడు నాలుగు సెంటీమీటర్ల ఎడంతో మెట్లు మెట్లుగా వేయండి.

క్రింపింగ్ మీదే మొత్తం పని నిలబడుతుంది. రాచెట్ ఉన్న క్రింపింగ్ ప్లయర్ కావాలి. మామూలు కటింగ్ ప్లయర్‌తో నొక్కిన పిన్ను ఈ రోజు పట్టుకుంటుంది, ఆరు నెలల్లో వేడెక్కుతుంది. తొడుగు ఐదారు మిల్లీమీటర్లే ఒలవండి, ఒక్క పోగు కూడా తెగకూడదు. పిన్నుకు రెండు జతల రెక్కలుంటాయి: ముందువి రాగిని పట్టుకోవాలి, వెనకవి తొడుగును. చాలా చేతుల్లో ఈ రెండూ రాగి మీదే పడతాయి, అప్పుడు అదురంతా పోగుల మీదికే వస్తుంది. రంగు తొడుగు ఉన్న లగ్గులు వాడితే ఎరుపు 1.5 స్క్వేర్ వరకు, నీలం 2.5 వరకు, పసుపు 4 నుంచి 6 వరకు. నొక్కాక గట్టిగా లాగి చూడండి. ఊడితే ఇప్పుడే ఊడాలి.

సోల్డర్ చేస్తే ఇంకా గట్టిగా ఉంటుందనే నమ్మకం చాలామందిలో ఉంది. ఇంజిన్ దగ్గర అది తప్పు. సీసం పోగుల వెంట తొడుగు లోపలికి పాకి వైరును కడ్డీలా బిగుసుకుపోయేలా చేస్తుంది, సరిగ్గా ఆ కడ్డీ ఆగే చోట అదురుకు విరుగుతుంది. పాత ఇత్తడి బుల్లెట్లకు మాత్రం సోల్డర్ వాడవచ్చు, అదీ తక్కువగా, హీట్‌ష్రింక్‌తో వెనక ఆధారం ఇచ్చి.

డైనమో వైర్లు నొక్కేటప్పుడు డి (కరెంటు బయటికొచ్చేది), ఎఫ్ (ఫీల్డ్‌కు వెళ్లేది) చీటీలు రెండుసార్లు చూసుకోండి. అవి తారుమారైతే చార్జింగ్ ఉండదు, కటౌట్ (డైనమోనూ బ్యాటరీనీ కలిపి విడదీసే స్విచ్) పాయింట్లు కూడా కాలవచ్చు.

టేపు చుట్టే ముందే కట్టను కారులో పెట్టి ప్రతి కొసా దాని చోటికి అందుతోందా చూడండి. చుట్టాక పొడవు తక్కువని తెలిస్తే మొత్తం విప్పాల్సి వస్తుంది.

దారి

పాత దారినే గుడ్డిగా పాటించనక్కర్లేదు. అంబాసిడర్ 1489 సీసీ ఇంజిన్‌లో మానిఫోల్డ్ ఎడమ పక్క, డైనమో, డిస్ట్రిబ్యూటర్ కుడి పక్క ఉంటాయి. కాబట్టి ఎడమ వైపు హెడ్‌లైటుకు వెళ్లాల్సిన వైర్లను కూడా కుడి పక్క నుంచి ముందుకు తెచ్చి, రేడియేటర్ ముందు నుంచి అటు దాటించండి. అర మీటరు వైరు ఎక్కువ పడుతుంది, మానిఫోల్డ్ సెగ పూర్తిగా తప్పుతుంది.

మానిఫోల్డ్‌కీ సైలెన్సర్ పైపుకీ కనీసం పది సెంటీమీటర్ల దూరం ఉంచండి. అంత చోటు లేని దగ్గర అల్యూమినియం రేకు అడ్డం పెట్టండి, కానీ రేకుకూ వైరుకూ మధ్య సెంటీమీటరు గాలి సందు తప్పనిసరి. వైరుకే ఆనించి కట్టిన రేకు కొంతసేపటికి తానే పెనం అవుతుంది. ఆ భాగంలో వైర్ల మీద ఫైబర్‌గ్లాస్ స్లీవ్ కూడా తొడగండి. స్లీవ్ కోసిన కొసలు పీచులా విడిపోకుండా హీట్‌ష్రింక్ వేయండి.

పదిహేను ఇరవై సెంటీమీటర్లకు ఒక పీ క్లాంపు. పెట్రోలు పైపుకు వైరును ఎప్పుడూ కట్టకండి. ఫ్యాను, స్టీరింగ్ కడ్డీ, యాక్సిలరేటర్ లింకేజీ కదిలే మేరకు కదిలించి చూసి దూరం ఉంచండి. స్పార్క్ ప్లగ్ వైర్లతో కలిపి కట్టకండి. రేకులోంచి దాటే ప్రతి రంధ్రానికీ గ్రోమెట్ ఉండాలి. హెడ్‌లైట్, హార్న్ కనెక్టర్లకు ముందు వైరును కిందికి వంచి మళ్లీ పైకి తెస్తే వానాకాలంలో నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, కనెక్టర్‌లోకి పాకవు.

ఎర్త్ బిందువుల దగ్గర పెయింట్ గీకి, తెల్లటి ఇనుము కనిపించాక, స్టార్ వాషర్ వేసి బిగించి, పైన వాజెలిన్ పూయండి. ఇంజిన్ నుంచి బాడీకి 16 నుంచి 25 స్క్వేర్ల అల్లిక పట్టీ కొత్తది వేయండి. దీన్ని వాయిదా వేయడం చాలా వైరింగ్‌ల కొంప ముంచింది.

కరెంటు ఇచ్చేటప్పుడు

బ్యాటరీని నేరుగా తగిలించకండి. బ్యాటరీ ఎర్త్ కొసకూ, తీసిపెట్టిన ఎర్త్ కేబుల్‌కూ మధ్య 12 వోల్టుల 21 వాట్ల బల్బు పెట్టండి. ఎక్కడ షార్ట్ ఉన్నా ఈ బల్బు పూర్తి కాంతితో వెలుగుతుంది, దారిలో రెండు ఆంపియర్లకు లోపే పోతాయి, వైరుకు ఏమీ కాదు. అన్నీ ఆపి, తలుపులు మూసి ఉంటే బల్బు వెలగకూడదు. కాయిల్‌కు వచ్చే వైరు తీసిపెట్టి ఇగ్నిషన్ ఆన్ చేస్తే మసకగా వెలగవచ్చు, డ్యాష్‌బోర్డు దీపాల వల్ల. కాయిల్ తగిలించి ఉంటే, పాయింట్లు మూసుకుని ఉన్నప్పుడు బల్బు బాగానే వెలుగుతుంది. అది షార్ట్ కాదు, మామూలు 12 వోల్టుల కాయిల్ లాగేదే నాలుగు ఆంపియర్ల దగ్గర ఉంటుంది. ఈ బల్బు ఉండగా సెల్ఫ్ కొట్టకండి. పూర్తి కాంతి వస్తే ఒక్కో ఫ్యూజు తీస్తూ, ఏది తీసినప్పుడు తగ్గిందో ఆ దారిలో వెతకండి.

బల్బు పరీక్ష దాటాక బ్యాటరీ తగిలించి, పక్కన పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉంచుకుని ఇంజిన్ స్టార్ట్ చేయండి. ఆల్టర్నేటర్ ఉన్న కారులో ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ తీసి చార్జింగ్ చూసే పాత అలవాటు ఉంటే మానేయండి, డయోడ్లు పోతాయి. హెడ్‌లైట్లు హైబీమ్‌లో వేసి, ఇంజిన్‌ను కాస్త రేజ్‌లో ఉంచి, మల్టీమీటర్ ఒక కొస బ్యాటరీ లైవ్ టెర్మినల్ మీద, రెండోది బల్బు వెనక పిన్ను మీద పెట్టండి. అర వోల్టుకు మించి చూపకూడదు. బల్బు ఎర్త్ నుంచి బ్యాటరీ ఎర్త్‌కు 0.2 లోపు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఇంజిన్ బ్లాకు నుంచి బ్యాటరీ ఎర్త్‌కు 0.3 లోపు. ఎక్కువ చూపితే మీటరు కొసను ఒక్కో జాయింట్ మీదికి జరుపుతూ పోండి, అంకె ఎక్కడ ఒక్కసారిగా మారితే దోషం ఆ జాయింట్‌లోనే. ఆల్టర్నేటర్ చార్జింగ్ 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య రావాలి.

అసలు పరీక్ష మధ్యాహ్నం ఎండలో అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు నత్తనడక ట్రాఫిక్‌లో. అరగంట అలా నడిపి, ఆపి, పది నిమిషాలు ఆగి బానెట్ ఎత్తండి. ఇంజిన్ ఆగాక ఫ్యానూ, గాలీ ఆగిపోతాయి కాబట్టి వైర్లకు సెగ ఎక్కువ తగిలేది ఆ పది నిమిషాల్లోనే. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో వైర్ల స్లీవ్ మీద, టేపు మీద కొలవండి. మెరిసే అల్యూమినియం మీద అది ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. 105 డిగ్రీల వైరు ఉన్నచోట 90 దాటితే దారి మార్చండి లేదా రేకు పెంచండి. ఒకే కనెక్టర్ దాని పక్కవాటికన్నా పదిహేను ఇరవై డిగ్రీలు ఎక్కువ చూపితే అది బయటి సెగ కాదు. ఆ పిన్ను తీసి మళ్లీ క్రింప్ చేయండి.

ఐదు వందల కిలోమీటర్ల తర్వాత రింగ్ లగ్గుల నట్లన్నీ ఒకసారి బిగించండి, కొత్త రాగి కొద్దిగా అణుగుతుంది. అప్పుడే పీ క్లాంపుల దగ్గర స్లీవ్ రాపిడి చూసి, మీరు రాసిన పట్టిక శుభ్రమైన నకలును ప్లాస్టిక్ కవరులో పెట్టి డ్యాష్‌బోర్డు పెట్టెలో ఉంచండి. తర్వాత ఆ కారు మీద చెయ్యి వేసే మెకానిక్ రంగులు ఊహించాల్సిన పని లేకుండా ఉంటుంది.